మిల్లరుగారి బాతు ఆగే చోటు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువేం కాదు, కాస్త తొందరగా వస్తుంది, అంతే. వచ్చినంత తొందరగానూ పోతుంది. పోయేలోపు ఎదుటివాళ్లకు ఏదో ఒకటి జరిగి ఉంటుంది, దానికి నేనేం చేయను?

ఆ రోజు మాత్రం నా కోపంలో న్యాయం ఉంది. కాన్‌బెరాలో మాస్టర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. గంగాలిన్‌లో వాసుదేవరావు అంకుల్ ఇంట్లో వెనక గది నాది, దాని పక్క గది ఎబెన్‌ది. ఎబెన్ నరసాపురం కుర్రాడు, నా క్లాసే, వయసులో నాకంటే చిన్నవాడు. ఆదివారాలు తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. నేను అసైన్‌మెంటుతో తల బద్దలు కొట్టుకుంటుంటే వంటింట్లోంచి ఘల్లు ఘల్లున చప్పుడు. వెళ్లి చూద్దును కదా, మనవాడు మోకాళ్ల కింద గజ్జెల పట్టీలు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు తెల్ల రుమాళ్లు ఊపుతూ, స్టవ్వుకీ ఫ్రిజ్‌కీ మధ్య ఎగురుతున్నాడు.

"ఏందిరా ఇది? ఏమైంది నీకు?" అన్నాను.

"మోరిస్ డ్యాన్సక్కా! ఇంగ్లీషోళ్ల పాతకాలం పల్లెటూరి డ్యాన్సంట. యూనీ నుంచి వచ్చి ట్రామ్ దిగుతుంటే పార్కులో ఎగురుతున్నారండి బాబూ, పెద్ద పెద్దోళ్లు! నిలబడి చూత్తన్నానా, ఒకాయనొచ్చి 'వీ ఆర్ వన్ షార్ట్, మేట్' అన్నాడు. జాయినైపోయాను. ఆయ్, సాసేజీలు కూడా ఫ్రీయే."

"మీ అమ్మకు తెలుసునా?"

"ఇప్పుడు మా అమ్మ సంగతెందుకక్కా," అని వాడు గబగబా పట్టీలు విప్పేశాడు.

హాల్లోంచి అంకుల్ "ఎవరమ్మా, కూచిపూడా?" అని కేకేశారు. కాదని చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది.

ఎగిరితే ఎగిరాడు, నాకెందుకు అని ఊరుకునేదాన్నే. వాడు ఊరుకుంటే కదా! వెళ్లినచోట "మా అక్కకి వయొలిన్ వచ్చు, పాట వింటే చాలు, స్వరాలు రాసి పారేత్తాది" అని గొప్పలు పోయాడు. నిజమే, కాళహస్తి నుంచి వారం వారం తిరుపతి బస్సెక్కి ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య. కానీ దాన్ని నేను చెప్పుకోవాలి గానీ వాడు చెప్పడమేమిటి? మర్నాడే ఆ జట్టు పెద్ద గ్రాహం నుంచి నాకు ఫోను.

గ్రాహం ఏదో గవర్నమెంటు ఆఫీసులో పన్నుల లెక్కలు చూస్తాడు. మనిషి బీరువా అంత ఉంటాడు, మాట మాత్రం మెత్తన. సంగతి సూటిగానే చెప్పాడు. వాళ్ల జట్టులో ఎగిరేవాళ్లు ఆరుగురు, వాయించేది ఒక్క మనిషే. ఆవిడ పేరు విన్, ఎనభై దాటింది. మే నెలలో కూతురి దగ్గరికి హోబర్ట్ వెళ్లిపోతోంది, ఇక తిరిగి రాదు. మోరిస్ పాటలను ప్రాణంగా చూసుకునేవాళ్లు లోకమంతా ఉన్నారట. ఎవరికి తెలిసిన పాటను వాళ్లు కంప్యూటర్లో రాసి, ఎవరైనా తీసుకోండని ఇంటర్నెట్లో పెడతారట. విన్ వాయించే పాటలన్నీ అందులో దొరికాయి, ఒక్కటి తప్ప. దాని పేరు 'మిల్లర్స్ గూస్'. మిల్లరుగారి బాతు. ఇంగ్లండులో విన్ మొగుడు రాన్ పుట్టిన ఊరిది. ఆ ఊళ్లోనే ఇప్పుడు దాన్ని వాయించేవాళ్లు లేరు. ఉన్నదల్లా విన్ వేళ్లలో.

"అది రాసుకోకపోతే మా బాతు ఆవిడ సూట్‌కేసులో హోబర్ట్ వెళ్లిపోతుంది," అన్నాడు గ్రాహం. "మే ఒకటిన తెల్లవారుజామున మేం డ్యాన్స్ చేస్తాం. ఆ రోజు నువ్వు వాయించాలి, ఆవిడ కూర్చుని వినాలి. తప్పులుంటే దిద్దడానికి ఆవిడ ఉండగానే."

పోనీ పాపం అనిపించింది. సరేనన్నాను.

ప్రాక్టీసు బుధవారం సాయంత్రాలు, కమ్యూనిటీ హాల్లో. నేను వెళ్లి, యోగా మ్యాట్ పరిచి, బాసింపట్టు వేసి, వయొలిన్ తలను చీలమండ మీద ఆనించి శ్రుతి చేసుకుంటున్నాను. గ్రాహం కుర్చీ తెచ్చాడు. వద్దన్నాను. కాసేపాగి మెత్తటి కుర్చీ తెచ్చాడు. కాళ్లేమైనా నొప్పా అని అడిగాడు. మేం ఇట్లాగే వాయిస్తామయ్యా మహానుభావా అని చెప్తే, వాళ్లు నోళ్లు వెళ్లబెట్టి చూశారు. ఎబెన్ మాత్రం ఆ వయొలిన్ తానే కనిపెట్టినట్టు తిరుగుతున్నాడు.

అందరిలోకీ సంతోషించింది విన్. పిట్టంత మనిషి, తెల్ల జుట్టు, ఎర్ర స్వెట్టరు. ఆవిడ చేతిలో కాన్సర్టీనా. రెండు చేతుల మధ్య పట్టుకుని సాగదీసి నొక్కే చిన్న పెట్టె అది, మన హార్మోనియానికి దూరపు చుట్టం. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే గానీ, ఎందుకో నా బుర్రలోకి మా కాళహస్తి మాటలాగే దిగేది. అట్లాగే చెబుతాను.

"సరైన చోటే కూచున్నావు పాపా," అంది. "దీన్ని వాయించేవాళ్లు చూడాల్సింది ముఖాల్ని కాదు, కాళ్లని. నేల మీద కూచుంటే అవి తప్ప నీకింకేం కనపడతాయి?"

నిజంగానే నాకు కనిపించేవి ఆరు జతల బూట్లు, గజ్జెలు, గ్రాహం పిక్కలు. అంతే.

పాట రాసే పద్ధతి నాకు ఇట్టే అబ్బింది. స్వరాలను ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేయడమే. అక్షరం పక్కన అంకె వేస్తే స్వరం సాగుతుంది. టైప్ చేసి నొక్కితే కంప్యూటరే వాయించి వినిపిస్తుంది. మనం సరిగమలు రాసుకున్నట్టే, అక్షరాలే వేరు. బాతు కూడా అచ్చంగా శంకరాభరణమే, చిక్కులేం లేవు. ఒక్క పూటలో అయిపోతుందనుకున్నాను.

రెండో భాగం చివర ఆరుగురూ ఒక్కసారిగా పైకెగిరే చోటొకటి ఉంది. అక్కడ విన్ ఒక స్వరం మీద ఆగిపోయేది. ఆగుతుంది, ఆగుతుంది, ఇంకా ఆగుతుంది. తొడ మీద తాళం వేస్తున్న నా చెయ్యి గాల్లోనే ఉండిపోయేది. ఆవర్తం మూతపడదు. మళ్లీ వాయించమంటే మళ్లీ అంతే.

"అక్కడ ఎంతసేపు ఆగాల?" అని అడిగాను.

"చాలినంత," అంది విన్.

నాకు ఒళ్లు మండింది. చాలినంత అంటే ఎంత? ఆ మాట మా గురువుగారి దగ్గర అని ఉంటే వీపు చిట్లేది. పెద్దావిడ, వేళ్లు తడబడుతున్నాయి, పైకి చెప్పుకోలేకపోతోంది అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ ఆగడాన్ని శుభ్రంగా కోసేసి, తాళానికి సరిపెట్టి మూసేశాను.

ఎబెన్ నా భుజం మీదుగా స్క్రీన్‌లోకి చూశాడు. "అదేంటక్కా, ఆవిడ ఆపింది కదా? ఆపినట్టే రాయాలి కదా?"

"తాళం తప్పుతాండాదిరా అబ్బీ."

"తప్పితే తప్పుద్ది. మా చర్చిలో మరియరాణి ఆంటీ పాడేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాదో ఆవిడకే తెలీదు. నేను ఆవిడ నోరే చూత్తా కూర్చుంటాను. ఆగితే ఆగుతాను, వెళ్తే వెళ్తాను. తాళం తాళం అంటే పాట పాడనిత్తారేంటి?"

"అది మీ చర్చిలో. ఇది సంగీతం," అన్నాను. వాడు పాపం నొచ్చుకుని మ్యాగీ చేసుకోడానికి వెళ్లిపోయాడు.

తర్వాతి బుధవారం నేను రాసింది నేనే వాయించాను. మొదటి భాగం దివ్యంగా నడిచింది. ఎగిరే చోటొచ్చింది. ఆరుగురూ పైకి లేచారు, నేను ఆగకుండా సాగిపోయాను. సగంమంది పాటతో పోదామని గాల్లోనే తిరిగారు, సగంమంది అలవాటు చొప్పున నిదానంగా దిగారు. గ్రాహం వెళ్లి ఎబెన్ మీద పడ్డాడు. ఎబెన్ టీ బల్ల మీద పడ్డాడు. ఎవరి రుమాలో ఎవరి నోట్లోనో ఉంది. బిస్కెట్లు హాలంతా చెదిరిపోయాయి.

"నా తాళం కరెక్టుగానే ఉంది!" అని అరిచాను. "మీ కాళ్లదే తప్పు!"

"అక్కా, నడుం పోయింది," అని బల్ల కిందనుంచి ఎబెన్ మూలిగాడు.

విన్ కడుపు పట్టుకుని నవ్వింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వింది. నేను మ్యాట్ చుట్టి చంకన పెట్టుకుని చరచరా బయటికొచ్చేశాను. బస్టాపు దాకా కోపం, బస్సెక్కాక సగం, ఇంటికొచ్చేసరికి పట్టుదల. ఆ ఆగడం వేళ్ల తడబాటు కాదు. ఆరుగురి కాళ్లకూ అది తెలుసు. అంటే అది పాటలోదే. సరే, దాని అంతు చూస్తాను అనుకున్నాను.

ఇక వదిలిపెట్టలేదు. తీరిక దొరికినప్పుడల్లా విన్ ఇంటికి పోయేదాన్ని. సగం ఇల్లు అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయింది. మిగిలిన సగంలో ఒక సోఫా, ఒక కెటిల్, కాన్సర్టీనా. ఆవిడ వాయించడం, నేను ఫోన్‌లో రికార్డు చేయడం, మళ్లీ మళ్లీ వినడం. ఆ ఆగే చోట ముందు స్వరం ఎట్లా బరువెక్కుతుంది, ఆవిడ ఎక్కడ ఊపిరి బిగబడుతుంది, ఎట్లా వదులుతుంది, అన్నీ పట్టుకున్నాను. ఆ రాతలో 'ఇక్కడ ఆగు' అనడానికి ఒక గుర్తుంది. అది పెట్టి, కంప్యూటర్ సరిగ్గా విన్ ఆగినంతే ఆగేలా కొలిచి టైప్ చేశాను. ఏప్రిల్లో ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను. నా ముఖంలో ఎంత గర్వం ఉందో నాకే తెలుస్తోంది.

కంప్యూటర్ వాయించింది. ఎగిరే చోటు దగ్గర ఆగింది. సోఫాలో విన్ ముందుకు వంగింది. కంప్యూటర్ మళ్లీ కదిలే దాకా ఊపిరి తీసుకోలేదు. పాటైపోయాక వెనక్కి వాలింది.

"బాగుంది," అంది చివరికి. "ఆ ఆగేది మాత్రం తీసెయ్యి."

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. "ఏం తీసేయాల?"

"ఆగేది. అది పాటలోది కాదు పాపా. మా ఆయన మోకాలు."

అప్పుడు చెప్పింది. డ్యాన్సులో వరస ముందు నిలబడేది రాన్. బాతు ఆయన ఊరి పాట కాబట్టి ఆ చోటు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఒక ఎండాకాలం షెడ్డు కప్పు బాగుచేస్తూ కింద పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఇక ఎగరకూడదని డాక్టరు చెప్పాడు.

"వింటే కదా! ఎగిరేది లేటు, దిగేది ఇంకా లేటు. తక్కినవాళ్లు దిగేసినా ఆయన ఇంకా ఆడనే ఉండేవాడు. నేను వాయించేస్తే అందరి ముందరా వెనకబడిపోతాడని నిలిచేదాన్ని. కావాలనే నిలుస్తా ఉన్నానని తెలిస్తే కొట్లాటకొస్తాడు, అందుకని మా పుట్టింటి ఊర్లో ఇట్లాగే వాయిస్తారని చెప్పినా. నేనెప్పుడూ ఆ ఊర్లో వాయించిందే లేదు!" అని నవ్వింది. "ఏటేటా మోకాలు అరిగే కొద్దీ నేను నిలిచేది పెరిగింది. ఆయన పోయినాక నిలవాల్సిన పనేముంది? కానీ వేళ్లు కదలవు."

నేను లాప్‌టాప్ మూసేశాను. "తీయను," అన్నాను.

"తీయాల."

"ఇన్నాళ్లూ నా ప్రాణం తీసి దీన్ని రాయించి, ఇప్పుడు తీసేయమంటావా? నేను తీయను. ఇది ఇట్లాగే ఉంటుంది."

"ఏ జపాన్‌లోనో ఎవరో పిల్లోడు దీన్ని తీసుకుని వాయిస్తాడు. ఈడ ఎందుకు ఆగాలో తెలియకుండా ఆగుతాడు. లోకమంతా మా ఆయన మోకాలి కోసం కాచుకోవాల్నా? దాన్నెక్కడ పెడతావు, ఇంటర్నెట్లోనా?" ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన ఊర్లో ఇది కుర్రోళ్ల పాట పాపా. కుర్రోళ్లకే ఇవ్వు. నా మాదిరి వాయిస్తే ఇది కూడా ముసల్దైపోతుంది. నేను హోబర్ట్ పోయినాక ఎవరూ ఆగేందుకు లేదు. నువ్వు కూడా. నాకు మాటివ్వు."

నాకు ఏడుపొచ్చింది. కోపంగానే వచ్చింది. మాటిచ్చి, ఆ గుర్తు చెరిపేసి, తాళం మూసేశాను.

"నువ్వు మొదట రాసిందే కరెక్టు, చూస్తివా?" అంది విన్. నెగ్గింది నేనే. ఏం లాభం, ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు. పాటను ఇంటర్నెట్లో పెట్టే మీట మాత్రం విన్ తన చూపుడువేలితోనే నొక్కింది.

జట్టుకు నేనే చెప్పాను. గ్రాహం రాన్‌ను ఎరిగినవాడే. ఇప్పుడు వరస ముందు నిలబడేది అతనే. విని, కాసేపు తన గజ్జెలు సర్దుకుంటూ కూర్చుని, "రైటో," అన్నాడు. అప్పటినుంచి ఆగకుండా ఎగరడం నేర్చుకున్నారు. మొదట్లో బిస్కెట్ల పళ్లెం దూరంగా పెట్టాల్సొచ్చింది. నెలాఖరుకు ఆరుగురూ ఒక్క గజ్జెలా దిగుతున్నారు. ఎబెన్ అయితే నడుం సంగతే మర్చిపోయాడు.

మే ఒకటి. ఆ రోజు సూర్యుణ్ణి డ్యాన్సు చేసి లేపడం మోరిస్‌వాళ్ల ఆచారం. ఇంగ్లండులో అప్పుడు వసంతం. ఇక్కడ చలి గుమ్మంలోకి వచ్చేసి ఉంటుంది, అయినా వీళ్లు తారీఖు మార్చుకోరు. యెర్రబి పాండ్ ఒడ్డున గడ్డంతా తడి. ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద మ్యాట్ వేసుకుని కూర్చున్నాను. తీగలు శ్రుతిలో నిలవడం లేదు, వేళ్లు నా మాట వినడం లేదు. వాసుదేవరావు అంకుల్ మంకీ క్యాప్ పెట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వచ్చారు. "అమ్మా, సూర్యుడు మనం లేపకపోయినా లేస్తాడేమో," అని వణుకుతూ అన్నారు. కుక్కల్ని తిప్పడానికి వచ్చినవాళ్లు కొందరు నిలబడ్డారు. నా ఎదురుగా మడత కుర్చీలో విన్, ఒళ్లో రగ్గు. కాన్సర్టీనా అప్పటికే పెట్టెలో సర్దేశారు.

బాతు మొదలుపెట్టాను. గజ్జెలు మోగాయి, రుమాళ్లు లేచాయి. ఎగిరే చోటొచ్చింది. ఎగిరారు, దిగారు, నేను ఆగలేదు, వాళ్లూ ఆగలేదు. జనం చప్పట్లు కొట్టారు. విన్ తల ఊపింది. రెండోసారీ అంతే. ఎబెన్ గాల్లో ఉండగానే నాకు పళ్లికిలించి చూపించాడు. ఆ పాటలో ఇంత హుషారు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. విన్ చెప్పింది నిజమే, అది కుర్రవాళ్ల పాట.

నేల మీద కూర్చున్నదాన్ని కదా, బూట్ల సందులోంచి నాకు విన్ ఒడి కనిపిస్తోంది. రగ్గు కింద ఆవిడ చేతులు లేని పెట్టెను సాగదీస్తున్నాయి, నొక్కుతున్నాయి. ఎగిరే చోటు రాగానే ఆగిపోతున్నాయి. నా పాట ముందుకు పోతుంటే, ఆ చేతులు అక్కడే ఉండి, తర్వాత హడావిడిగా పరిగెత్తి పాటను అందుకుంటున్నాయి. ప్రతిసారీ. ముఖం మాత్రం నవ్వుతూనే ఉంది.

ఆఖరిసారి. నాకు కోపం వచ్చేసింది. హోబర్ట్ మీదో, నా మాట మీదో, ఎన్నడూ చూడని ఆ రాన్ మీదో. ఆరుగురూ పైకెగిరారు. నేను కమాను ఆపేశాను.

వాళ్లు దిగారు. పాట లేదు. ఒక్క క్షణం ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా తెలుసుకున్నది ఎబెన్. రుమాళ్లు రెండూ పైకెత్తి కదలకుండా నిలబడిపోయాడు. వాణ్ణి చూసి తక్కినవాళ్లూ నిలబడ్డారు. గ్రాహం మెల్లగా వరసలోంచి ఒక అడుగు పక్కకు జరిగాడు. ముందు చోటు ఖాళీ అయింది.

విన్ నా వైపు చూసిన చూపుకు నేను చచ్చిపోవాలి. మాటిచ్చినావు కదా అన్న చూపు. నేనూ కళ్లు దించలేదు. అప్పుడు ఆవిడ తల తిప్పి ఆ ఖాళీ చోటు వైపు చూసింది. చూస్తూ ఉండిపోయింది. ఎప్పుడూ ఆగినంతసేపూ ఆగింది. తర్వాత ఇంకాస్త ఆగింది.

"దిగేసినాడు పాపా," అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "ఇంక వాయించు."

వాయించాను.